ఊసరయ్యకు నీడ పోసిన మనిషి

ఈ లోకంలో ఉన్న చీకటిలో సగం మా అమ్మమ్మ పోసిందే. మిగతా సగం ఎవరు పోశారో నాకు తెలియదు. వాళ్లకి మనవలుంటే వాళ్లు రాసుకుంటారు. ఇరవై రెండేళ్లపాటు, వారానికి పన్నెండు పేజీల చొప్పున, దొంగల కోట్లకీ గుహల నోళ్లకీ పిల్లుల వీపులకీ నలుపు పట్టించిన చెయ్యి ఆవిడది. ఆవిడ కుంచె పట్టకపోతే ఏ దొంగకీ నక్కడానికి చోటుండేది కాదు, ఏ దయ్యానికీ తలదాచుకోవడానికి మూల దొరికేది కాదు. ఊసరయ్యంతటి వాడు కూడా నీడ లేకుండా వెలవెలబోతూ తిరిగేవాడు.

ఊసరయ్య ఎవరో తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. వారం వారం వచ్చే పిల్లల బొమ్మల పుస్తకంలో గొడుగు వీరుడనే మంచివాడు ఒకడుండేవాడు. గొడుగు తెరిస్తే ఎగురుతాడు, మూస్తే పొడుస్తాడు. వాడికి ఎదురు నిలిచిన పరమ దుర్మార్గుడు ఊసరయ్య. ఊసరవెల్లి రంగులే మారుస్తుంది, వీడు మనిషినే మార్చేస్తాడు. పోలీసవుతాడు, పాలమ్మే ముసలమ్మవుతాడు, అవసరం పడితే మేకవుతాడు. ఎవరి రూపం ఎత్తితే వాళ్ల జ్ఞాపకాలన్నీ వాడికి వచ్చేస్తాయి, కనుక ప్రశ్నలడిగి పట్టుకోవడం కుదరదు. పైగా ఎవరి పనైనా వాళ్లకన్నా బాగా చేస్తాడు. ఒకసారి రొట్టెలవాడి రూపంలో దుకాణంలో కూర్చుంటే ఆ రొట్టెల కోసం ఊరంతా వరసకట్టింది. వాడిని పట్టిచ్చేది ఒక్కటే, నీడ. అందరి నీడలూ ఒకవైపు పడితే వాడి నీడ రెండోవైపు పడుతుంది. ఈ సంగతి కనిపెట్టడానికి గొడుగు వీరుడికి పదకొండు సంచికలు పట్టింది. చదివే పిల్లలకి మొదటి సంచికలోనే తెలిసిపోయింది.

ఆ పుస్తకం అచ్చయ్యే ప్రెస్సులో అమ్మమ్మ మొదట కాగితాలు మడతపెట్టే పనికి చేరింది. అప్పటికి ఆవిడ అమ్మమ్మ కాదు, ఇరవై ఏళ్ల పిల్ల. కానీ నాకు పుట్టుకతోనే అమ్మమ్మ కనుక కథ కోసం మధ్యలో మార్చలేను. ఒకరోజు బొమ్మల మాస్టారు గట్టిగా తుమ్మితే సిరాబుడ్డి ఒరిగి, అప్పుడే గీసిన వీధి మీద పడింది. మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. కట్టలు మోసుకుంటూ పక్కనుంచి వెళ్తున్న అమ్మమ్మ ఆగి, పోనీ అక్కడ రాత్రయిందనుకోండి అని సలహా ఇచ్చింది. మాస్టారు ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి కాగితం వైపు చూసి కుంచె చేతికిచ్చారు. ఆ వారం మిట్టమధ్యాహ్నం జరగాల్సిన దొంగతనం రాత్రిపూట జరిగింది. ఆ మర్నాటి నుంచి అమ్మమ్మ కాగితాలు మడత పెట్టలేదు.

చెప్పుకోవడానికి ఆ పని చిన్నదే. మాస్టారు గీతలు గీసి, ఎక్కడెక్కడ నలుపు రావాలో అక్కడ పెన్సిలుతో సన్నగా ఇంటూ గుర్తు పెడతారు. పేజీకి నలభై ఉంటాయి, ఒక్కోసారి యాభై. గుర్తున్న చోటల్లా గీత దాటకుండా సిరా నింపాలి, ఆరాక రబ్బరుతో పెన్సిలు చెరిపెయ్యాలి. పేజీలను రెండు అట్టల మధ్య పెట్టి, తాడు కట్టి ఇంటికి తెచ్చుకుని చేసుకోవచ్చు. చెయ్యి వణకకూడదు, ఓపిక ఉండాలి, అంతే.

అంత గొప్ప చేతికీ ఒక జబ్బుంది. పేజీకి ఒకటి వదిలేస్తుంది. పెద్దవి కాదు, చెప్పు మడమ, తాళం బొక్క, చెవి లోపలి మలుపు, అలాంటివి. ఒక వారం గొడుగు వీరుడి బూటు అడుగు తెల్లగా అచ్చయితే, మీవాడు పిండిలో కాలు పెట్టాడా అని ఎవరో పిల్లాడు ఉత్తరం రాశాడు. ప్రెస్సులో అందరూ ఆవిడకి ఒకటితక్కువమ్మ అని పేరు పెట్టారు. ముఖం మీదే పిలిచేవారు, ఆవిడ పలికేది కూడా.

ఆ జబ్బుకి మందు ఇంట్లోనే ఉండేది. మందు పేరు పిచ్చుక. పిచ్చుక అంటే మా అమ్మే. ఇప్పుడు నన్ను చెవి పట్టుకుని ఈడ్చే మనిషి అప్పుడు అయిదేళ్లది, కాపురమంతా అమ్మమ్మ పనిబల్ల కింద. అమ్మమ్మ ఒక పేజీ ముగించి ఆరబెట్టగానే పిచ్చుక బయటికి వచ్చి, పేజీకి ముక్కు ఆనించి వెతికి, ఒకటి మిగిలింది అనేది. మిగల్లేదు, అన్నీ నింపాను అనేది అమ్మమ్మ. మిగిలిందంటే మిగిలిందని పిల్ల, లేదంటే లేదని తల్లి. కాసేపు పోట్లాట అయ్యాక పిచ్చుక వేలు పెట్టి చూపించేది. ఓడినందుకు శిక్ష ఏమిటంటే, ఆ ఒక్కటీ పిచ్చుక నింపుతుంది. అమ్మమ్మ ఒడిలో కూర్చుని, చిన్న కుంచె పట్టుకుని, తన చేతి మీద అమ్మ చెయ్యి ఉండగా.

ఇల్లంతా కలిపితే ఒకటిన్నర గది. అర గదిలో పొయ్యి, కుళాయి. పూర్తి గదిలో పట్టపగలు కూడా బల్బు వెయ్యాలి. పనిబల్ల గోడకి ఆనించి ఉండేది. అక్కడ కూర్చుంటే కుడిచేతి వైపు కిటికీ, ఎడమచేతి వైపు బీరువా. కిటికీ బయట రెండడుగుల్లో పక్కింటి గోడ, కనుక దాన్నుంచి వచ్చేది గాలే, వెలుతురు కాదు. బల్బు ఆ కిటికీ నెత్తిన ఉండేది. కుడిచేత్తో కుంచె పట్టేవాళ్లకి వెలుతురు ఎడమనుంచి రావాలి. కుడినుంచి వస్తే ఆ చేతి నీడ సరిగ్గా కుంచె మొన పక్కనే పడుతుంది. "నా చెయ్యే నాకు అడ్డం" అని అమ్మమ్మ రోజుకు నాలుగుసార్లు సణిగేది. తాతయ్య వడ్రంగి. ఊళ్లో అందరి ఇళ్లలో అన్నీ బిగించే మనిషి, తన ఇంట్లో బల్బు మార్చడానికి మాత్రం ఆరేళ్లుగా రేపు అంటున్నాడు.

అలా ఉండగా అమ్మమ్మకి విషజ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో ఇరవై ఆరు రోజులు. ఆ వార్డులోకి పిల్లల్ని రానివ్వరు. తాతయ్య పొద్దున పనికీ, సాయంత్రం ఆసుపత్రికీ తిరుగుతూ, పిల్లని పక్కింటి కుట్టుమిషను ఆవిడకి అప్పజెప్పేవాడు. రాత్రి పడుకోబెట్టేటప్పుడు కథ చెప్పమని పిల్ల గొడవ. తాతయ్యకి కథలు రావు. మేకులెన్ని రకాలో చెప్పమంటే చెప్తాడు. అందుకని పెట్టెలో ఉన్న పాత బొమ్మల పుస్తకాలు తీసి చదివి వినిపించాడు. ఇరవై ఆరు రాత్రులు ఊసరయ్యే. అయిపోతే మళ్లీ మొదటినుంచి ఊసరయ్యే.

అక్కడ అమ్మమ్మ జ్వరం కళ్లతో పైకప్పు మీది మరకల్ని చూస్తూ, వాటికి వేలితో గాలిలో నలుపు నింపుతూ పడుకునేది. నర్సు చేతులు దుప్పటిలో పెట్టుకోమంటే, ఇంకొక్క గుహ ఉందమ్మా అనేదట.

ఇంటికి పంపే రోజుకి అమ్మమ్మ జుట్టు మెడదాకా కత్తిరించేశారు. చెంపలు లోపలికి పోయాయి, గొంతు బొంగురుపోయింది. ఆ పొద్దున తాతయ్యకి ఆరేళ్ల రేపు ఇవాళయింది. నిచ్చెన వేసుకుని కిటికీ పైనున్న బల్బు ఊడదీసి బీరువా పైన బిగించాడు. పెళ్లాం వచ్చి బల్ల దగ్గర కూర్చోగానే చూసి మురిసిపోవాలని ఆయన ఆశ. పెళ్లినాటి నుంచీ ఆయన ఇచ్చిన బహుమతుల్లో ఇదే పెద్దది, ఇంత నష్టం చేసిందీ ఇదొక్కటే.

అమ్మమ్మ వచ్చి బల్ల ముందు కుర్చీలో కూలబడి, చేతులు చాచి పిచ్చుకా అంది. పిచ్చుక తలుపు దగ్గరే ఆగిపోయింది. జుట్టు చూసింది, చెంపలు చూసింది. అక్కడిదాకా పరవాలేదు, నాన్న ముందే చెప్పాడు. ఆ తరవాత నేల వైపు చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ కుర్చీలో అమ్మ నీడ బీరువా వైపు పడటమే అది చూసింది. ఇప్పుడు కిటికీ వైపు పడుతోంది.

"మీరెవరండీ?" అంది పిచ్చుక.

అమ్మమ్మ ముందు నవ్వింది. పిల్ల నవ్వలేదు. గోడ వెంట పాకుతూ వెళ్లి బల్ల కింద దూరి, అక్కడినుంచి మూడు ప్రశ్నలు వేసింది. మా పిల్లి తోక ఎలా తెగింది? నేను డబ్బాలో ఏం దాచాను? నేను ఏడిస్తే మా అమ్మ ఏమంటుంది? అమ్మమ్మ ముచ్చటపడి అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పింది. తోక తలుపు సందులో పడి తెగింది. డబ్బాలో ఊడిన పన్ను ఉంది. ముందు ఏడుపాపు, ఆ తరవాత కారణం వింటాను అంటుంది. అన్నీ సరిపోయేసరికి పిల్ల బల్ల కింద ఇంకా మూలకి జరిగింది.

"నాన్నా, ఈవిడకి అన్నీ తెలుసు" అని పిచ్చుక గొంతు తగ్గించి చెప్పింది. "ఊసరయ్యే."

తాతయ్య మంచివాడే గానీ ఆలోచన కొంచెం నిదానం. పిల్లకి సంగతి అర్థమయ్యేలా చూపిద్దామని బల్బు కింద తను నిలబడి, చూడు, నా నీడ కూడా కిటికీ వైపే పడుతోంది, బల్బు మార్చాను, అంతే అన్నాడు. పిచ్చుక చూసింది. నిజమే, పడుతోంది. దాంతో ఆ ఇంట్లో ఊసరయ్యలు ఇద్దరయ్యారు. ఆ పూట పిచ్చుక తాతయ్య చెక్క కొలబద్దని కత్తిలా పట్టుకుని పాలు తాగింది, ఆ పాలు కూడా ముందు పిల్లికి పోసి చూశాకే. నాన్న మీద అనుమానం మర్నాటికి తగ్గింది, ఎందుకంటే ఆయన పాలు మాడబెట్టాడు, ఎప్పటిలాగే. ఊసరయ్య అయితే మాడబెట్టడు. మిగిలింది అమ్మమ్మ ఒక్కతే.

పిల్ల కొట్టదు, తిట్టదు, ఏడవదు. పిచ్చుక చేసిందల్లా మీరు అనడం. మీరు అక్కడ పెట్టండి, నేను తీసుకుంటాను. మీరు పడుకోండి, నేను బల్ల కింద పడుకుంటాను. సొంత కూతురి నోట ఆ మర్యాద విన్నప్పుడల్లా అమ్మమ్మకి జ్వరం తిరగబెట్టినట్టుండేది. పిచ్చుక తన దుప్పటి చివర ఒక చిన్న మూట కట్టుకుంది. ఏమిటది అని కుట్టుమిషను ఆవిడ అడిగితే, మా అమ్మ ఆసుపత్రి నుంచి ఎప్పుడొస్తుందో, వస్తే ఆకలిగా ఉంటుంది కదా, రొట్టె దాచాను అంది. ఆ మాట ఆవిడ వచ్చి చెబితే అమ్మమ్మ కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో కాసేపు నిలబడింది.

జాలి పడుతూ కూర్చుంటే పేజీలు ఆగవు. నాలుగో రోజు నుంచి అమ్మమ్మ కుంచె పట్టింది. మొదటిసారిగా ఎడమనుంచి వెలుతురు. కాగితం మీద చేతి నీడ లేదు, ప్రతి గుర్తూ గింజలా కనిపిస్తోంది. రెండు రోజుల్లో పన్నెండు పేజీలు అయ్యాయి. ఆరబెట్టిన పేజీలు తను పెట్టిన చోటునుంచి జానెడు జరిగి ఉండటం ఒకటి రెండుసార్లు గమనించి, గాలికి కాబోలు అనుకుంది.

అట్టలు కట్టుకుని ప్రెస్సుకి వెళ్తే బొమ్మల మాస్టారు పేజీలు ఒక్కొక్కటే తిప్పి కళ్లజోడు తీశారు.

"ఒక్కటీ మిగల్లేదమ్మాయ్. ఆసుపత్రిలో కొత్త కళ్లు పెట్టారా ఏం?"

అమ్మమ్మ మనసు అక్కడ లేదు. ఊసరయ్యని పుట్టించిన కథలాయన బల్ల దగ్గరికి వెళ్లి, అన్నయ్యగారూ, ఊసరయ్య జ్ఞాపకశక్తి కాస్త తగ్గించండి, వచ్చే సంచికలో ఎవరైనా ప్రశ్న వేస్తే వాడు నీళ్లు నమిలేలా రాయండి అని బతిమాలింది. ఇంట్లో జరిగేది చెప్పింది. కథలాయనకి కన్ను చెమర్చింది గానీ కలం కదల్లేదు. కన్నబిడ్డనైనా ఇస్తాడేమో, ఊసరయ్యని మాత్రం ఇవ్వడు.

"వాడి గొప్పే అది చెల్లెమ్మా. తప్పు చేసేవాణ్ణి ఎవడైనా పట్టుకుంటాడు. వీడు ఎవరి పనైనా వాళ్లకన్నా బాగా చేస్తాడు. అందుకే వాడు ఊసరయ్య."

అమ్మమ్మ సరేనని మెట్లు దిగుతూ సగంలో ఆగిపోయింది. పన్నెండు పేజీలు, ఒక్కటీ మిగల్లేదు. పేజీలు జరిగింది గాలికి కాదు. పిచ్చుక వచ్చి చూస్తోంది. ప్రతి పేజీ మీదా ముక్కు ఆనించి, అమ్మ వదిలేసే ఆ ఒక్కదాని కోసం వెతికి, దొరక్క, ఏమీ అనకుండా బల్ల కిందికి వెళ్లిపోతోంది. పన్నెండుసార్లు. నీడ కాదు, జుట్టు కాదు, అమ్మమ్మని పట్టిచ్చింది ఆ పని. తనకన్నా బాగా చేసేసింది.

ఇంటికి వస్తూనే కొత్త పేజీ పెట్టి, గొడుగు వీరుడి గుర్రం మీద ఒక గుర్తు వదిలేసి, ఆరబెట్టి, అర గదిలోకి వెళ్లి గిన్నెలు కడుగుతున్నట్టు చప్పుడు చేసింది. పిచ్చుక బయటికి వచ్చింది, చూసింది.

"ఇది మీరు కావాలనే వదిలారు" అంది. "మా అమ్మ ఇంత పెద్దది వదలదు. చిన్నవే వదుల్తుంది."

మర్నాడు అమ్మమ్మ చిన్నదే వదిలింది, తలుపు గడియ కింద, చీమ తలంత. ఈసారి పిచ్చుక పేజీ వైపు చూడనే లేదు, అమ్మమ్మ కళ్ల వైపు చూసి, "మీరు దాని వైపే చూస్తున్నారు. మా అమ్మకి ఎక్కడుందో తెలీదు కదా" అంది. తరవాత కాస్త జాలిపడి, "బాగానే చేస్తున్నారు" అని మెచ్చుకుంది కూడా.

"ఏమండీ, తప్పు చెయ్యడం కూడా చేతకాకుండా పోయింది నాకు" అని ఆ సాయంత్రం అమ్మమ్మ తాతయ్యతో అంది. తాతయ్యకి ఓదార్చడం రాదు, నిచ్చెన వెయ్యడం వచ్చు. బల్బు ఊడదీసి మళ్లీ కిటికీ పైన, పాత చోటే బిగించాడు. నీడలన్నీ బీరువా వైపుకి తిరిగాయి. పిచ్చుక బల్ల కిందనుంచి అంతా చూసి, పట్టుబడ్డాక సర్దుకుంటున్నారు అని మాత్రం అంది. ఇంకేం చెయ్యాలో ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మమ్మ పనికి కూర్చుంది. పరీక్షలు వద్దు, పాచికలు వద్దు, మాస్టారికి మాట ఇచ్చిన పేజీ ఉంది. రైలు స్టేషను బొమ్మ. కిక్కిరిసిన జనం, పెట్టెలు, కూలీలు, ఆ గుంపులో ఎక్కడో గడియారాలు బాగుచేసేవాడి రూపంలో ఊసరయ్య. నలభై ఏడు గుర్తులు. చేతి నీడ కాగితం మీదికి మళ్లీ వచ్చి పడింది. అలవాటుకొద్దీ నా చెయ్యే నాకు అడ్డం అని సణిగింది. ఎవరికోసమూ కాదు. గుర్తులన్నీ నింపి, పేజీని ఎత్తి చూసి, ఇంకోసారి చూసి, ఊది, ఆరబెట్టి, కుంచె కడగడానికి కుళాయి దగ్గరికి పోయింది. బిడ్డని గురించి కూడా కాదు, ఇంట్లో సబ్బు అయిపోయిందని ఆలోచిస్తోంది.

వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఒకటి మిగిలింది."

"మిగల్లేదు. అన్నీ నింపాను" అంది అమ్మమ్మ, కుంచె నలుపుతూ.

"మిగిలింది."

"లేదంటుంటే. రెండుసార్లు చూశాను."

"ఏం చూశావు? నువ్వెప్పుడూ ఇంతే. చూడకుండానే చూశానంటావు."

కుంచె ఆగిపోయింది. కుళాయి నడుస్తూనే ఉంది. అమ్మమ్మ వెనక్కి తిరగలేదు. నువ్వు అన్న మాట ఒక్కటే చెవిలో పడి, మిగతాదేమీ వినిపించలేదు. ఇప్పుడు తిరిగి ఏడ్చినా, నవ్వినా, పరిగెత్తి ఎత్తుకున్నా, అది అమ్మ చేసే పని కాదు. అమ్మ అయితే ఒప్పుకోదు.

"ఎక్కడుందో చూపించు, చూద్దాం" అంది కరుగ్గా. అంత కరుగ్గా ఆవిడ అంతకు ముందుగానీ ఆ తరవాతగానీ మాట్లాడలేదట.

పిచ్చుక బల్ల దగ్గర నిలబడి వేలు పెట్టింది. జనం మధ్యలో, పెట్టె మోసే కూలీ ఎత్తిన కాలి మడమ. ఆవగింజంత ఇంటూ. అమ్మమ్మ వంగి చూసింది. నిజంగానే మిగిలిపోయింది. ఆ గుర్తుని ఆ క్షణందాకా ఆవిడ చూడనే లేదు.

"ఇది ఇప్పుడు నువ్వు పెట్టినదే" అంది అమ్మమ్మ.

"నేను పెట్టలేదు. ఓడిపోయావు. ఒప్పుకో."

"ఒప్పుకోను."

"ఓడిపోయావమ్మా" అంటూ పిచ్చుక పడీపడీ నవ్వి, పెట్టెలోంచి చిన్న కుంచె తెచ్చి, ఇరవై ఆరు రోజులూ మరో ఎనిమిది రోజులూ ఖాళీగా ఉన్న ఒడిలోకి ఎక్కి కూర్చుని, చెయ్యి ముందుకి చాపింది. పట్టుకో అంది. అమ్మమ్మ దాని చేతి మీద తన చెయ్యి వేసింది. ఆ రోజు వణికింది మాత్రం పిల్ల చెయ్యి కాదు. మడమ నలుపు గీత దాటి, స్టేషను నేల మీదికి ఒక చుక్క పడింది. ఆ పేజీ అచ్చు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. చుక్క ఉంది, కూలీ కాలికింద చిన్న మడుగులా. మాస్టారు దాన్ని చూసి, వానాకాలం కాబోలు అని ఊరుకున్నారు.

సిరా ఆరేదాకా పిచ్చుక దిగలేదు. మెడ మీద కత్తిరించిన జుట్టు కొసలు పట్టుకుని చూసి, ఇదేమైంది అని అడిగింది. జ్వరం తీసుకుంది అంది అమ్మమ్మ. మళ్లీ ఇస్తుందా అంటే, ఇస్తుంది, కొంచెం కొంచెంగా ఇస్తుంది అంది. అప్పుడు పిచ్చుకకి గుర్తొచ్చి, దుప్పటి మూట విప్పి, రాయిలా గట్టిపడిన రొట్టెముక్క తెచ్చి పెట్టింది. అమ్మమ్మ దాన్ని నీళ్లలో ముంచుకుని మొత్తం తింది. పిల్లికి కూడా పెట్టలేదు.

సాయంత్రం తాతయ్య వచ్చి, తల్లీకూతుళ్లు మళ్లీ పోట్లాడుకోవడం విని, ఊరట చెందినప్పుడు చేసే పనే చేశాడు, నిచ్చెన తీశాడు. ఇంక బల్బు ఎడమవైపు పెట్టేస్తాను, నీ చెయ్యి నీకు అడ్డం రాదు అన్నాడు. అమ్మమ్మ వద్దంది. ఎక్కడుందో అక్కడే ఉండనివ్వమంది. ఆ తరవాత పదహారేళ్లు ఆ వెలుతురులోనే చేసింది, పేజీకి ఒకటి చొప్పున వదిలేస్తూ, రోజుకు నాలుగుసార్లు సణుగుతూ. బీరువా పైన గోడకి ఆ మేకుల బొక్కలు మాత్రం ఉండిపోయాయి, వారం రోజులు వెలిగిన బల్బువి.

పిచ్చుక పెద్దదై పెళ్లిచేసుకున్నాక మిగిలిపోయినవి వెతికే పని తాతయ్యకి వచ్చింది. ఆయనకి ఒక్కటీ దొరికేది కాదు. అందుకే చివరి రెండేళ్ల సంచికల్లో తెల్ల మడమలు ఎక్కువ.

ఇంకొక సంగతి ఉంది, ఇది ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నేను భూతద్దం పెట్టి కనిపెట్టాను. ఆ రైలు స్టేషను తరవాత వచ్చిన ప్రతి సంచికలోనూ ఊసరయ్య నీడలో ఒక తెల్లచుక్క ఉంటుంది. ఏ రూపంలో ఉన్నా, నీడ ఎటు పడినా, మధ్యలో సూదిమొనంత చోటు నింపకుండా వదిలేసి ఉంటుంది. ఆ చుక్కలు మాస్టారికి తెలుసని నా అనుమానం. అచ్చుతప్పా అని అడిగితే, అమ్మమ్మ నా భూతద్దం తుడుస్తూ, వాడికీ ఒక అమ్మ ఉండే ఉంటుంది కదరా, వాడు ఎవరింట్లో ఎవడై కూర్చున్నాడో వెతుక్కుంటూ ఉంటుంది, ఆవిడ గుర్తుపట్టడానికి ఏదో ఒకటి ఉండాలిగా అంది. లోకమంతా వాడి నీడ చూసి పారిపోతుంటే, ఒకటితక్కువమ్మ ఒక్కతే వాడికి ఒకటి తక్కువ చేసి పెట్టింది.

ఇదంతా రాసుకొచ్చి అమ్మమ్మకి చదివి వినిపించాను. ఇప్పుడు కుంచె లేదు. కిటికీ పైన అదే చోట బల్బు, దాని కింద ఆవిడ, చేతిలో సూది, ఒడిలో నా చొక్కా, ఊడిపోయిన గుండీ. కళ్లు ఎత్తకుండా మొదటినుంచి చివరిదాకా వింది. లోకంలో సగం చీకటి అన్నచోట మాత్రం ఒకసారి దగ్గింది. అంతా అయ్యాక అడిగాను, ఇన్నేళ్లయింది, ఇప్పటికైనా నిజం చెప్పు అమ్మమ్మా, ఆ మడమ నిజంగానే మిగిలిపోయిందా, మూడోసారి పాచిక సరిగ్గా పారిందా అని.

"కావాలని తప్పు చేసే తెలివే ఉంటే, నువ్వు పాసైన సంగతి మరిచిపోయి నిన్ను రెండేళ్లు అదే తరగతికి పంపేదాన్నా?" అంది అమ్మమ్మ. "జరగరా, వెలుతురుకి అడ్డం."